ఒక్క పేరు తప్ప

అరకు లోయ
జూలై 10, 2004

ఫల్గుణ గారికి నమస్కారం.

మీరు బెంగళూరు చేరిన సంగతి మెయిల్లో ఒక్క ముక్క పెట్టి ఊరుకున్నారు, అదీ ఇంగ్లీషులో. ఆ ముక్క నాకంటే ముందు మన మేనేజర్ వెంకటరావు గారే చదివి, "కుర్రాడు సేరిపోయాడటమ్మా" అని నాకు చెప్పారు. ఆఫీసు మెయిల్ అంటే అందరి కళ్లూ పడతాయి కదా! అందుకే కాయితం మీద రాస్తున్నాను. ఆలస్యమైతే అయింది, హాయిగా తెలుగులో తిట్టుకోవచ్చు.

తిట్టడానికి కారణం ఉంది. కాఫీ రుచి చూసే చదువుకంటూ మీరు మార్చి దాకా చక్కా పోయారు. మన రైతుల సంఘం కంప్యూటర్ నా నెత్తిన పడింది. దాంట్లో మీరు రాసిపెట్టిన అడ్రస్ బుక్ ఉంది చూశారూ, దానికి దండం పెట్టాలి. మొన్న రైతుకి ఏ ధర ఇవ్వాలో చెప్పే కాయితం అనంతగిరిలో మన కాఫీ కొనుగోలు సెంటర్లో ఉన్న వరహాలుకి పంపాలి. బుక్కులో "అనంతగిరి పెద్దాయన" అని ఇద్దరున్నారు. నేను ఒకాయన్ని నొక్కాను. ఆయన వరహాలు కాదు, విశాఖపట్నం నుంచి వచ్చి కాఫీ కొనే వ్యాపారి! ఇంకేముంది, మన ధర ఆయనకి తెలిసిపోయింది.

వెంకటరావు గారు నా వెనక నిలబడి బుక్కు మొత్తం చూశారు. "కోపం సార్", "గొడుగాయన", "సంతలో కలిసినోడు", "గొడుగాయన అల్లుడు". "ఏటమ్మా ఇది? అడ్రస్ బుక్కా, డుంబ్రిగుడ సంతా?" అన్నారు. మీరు లేరు కాబట్టి చివాట్లు నేను తిన్నాను. మన ఊళ్లలో మనిషిని అలాగే గుర్తుపెట్టుకుంటాం, నిజమే. కానీ ఆఫీసులో కూడానా?

మీరు పెట్టనివి ఇంకో రకం. డుంబ్రిగుడ సెంటర్ వాళ్లు ఫోటో స్టూడియోలో కూర్చుని మెయిల్ పంపుతారు కాబట్టి, పంపినవారు అన్నచోట "చిన్నారి ఫోటో స్టూడియో" అని కనబడుతోంది. కాఫీ పళ్లు కోతకొచ్చేలోగా అందరి పేర్లూ ఇంటిపేరుతో, ఊరుతో శుభ్రం చెయ్యాలని ఆర్డరు. ఎలా చెయ్యాలో రాయండి.

వానలు పట్టుకున్నాయి. మీ కుర్చీలో ఫైళ్లు పేర్చాను, ఇంకెవరూ కూర్చోకుండా.

రాజకుమారి


బెంగళూరు
జూలై 24, 2004

రాజకుమారికి,

ఉత్తరం అందింది. చివాట్లు నా బదులు నువ్వు తిన్నావు. వచ్చాక వెంకటరావు గారి దగ్గర నా వాటా నేను తింటాను.

పని కష్టమైనది కాదు. అడ్రస్ బుక్ తెరిచి పేరు మీద రెండుసార్లు నొక్కు. పైన ఒక గడి వస్తుంది, కనబడే పేరు అందులో ఉంటుంది. దాన్ని చెరిపేసి నీకు కావలసింది ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టు. కింద మెయిల్ అడ్రసు మాత్రం ముట్టుకోకు. ఒకే మనిషి రెండు పేర్లతో ఉంటే ఒకటి తీసెయ్. స్టూడియో వాళ్లు అక్కడ ఏ పేరు పెట్టుకున్నా, నువ్వు మార్చాక నీకు నువ్వు పెట్టిందే కనబడుతుంది. ఆ గడి నీ సొంతం అనుకో.

ఇక్కడ పొద్దున్నే వరసగా కప్పులు పెడతారు. చెంచాతో తీసుకుని చప్పుడు చేస్తూ పీల్చి, నోరంతా తిప్పి, ఉమ్మెయ్యాలి. మా అమ్మ చూస్తే వీపు వాయగొడుతుంది. మొన్న ఒక కప్పు నోట్లో పోసుకోగానే మన కాఫీ అని తెలిసిపోయింది. ఉమ్మలేదు. మింగేశాను. మేష్టారు తిట్టాడు.

ఊరు పెద్దది, రాజకుమారీ. ఎటు చూసినా కొండ కనబడదు. ఎటు తిరిగి నిలబడాలో తెలియడం లేదు. చోడి అంబలి ఎక్కడా దొరకలేదు. ఆఫీసు సంగతులు రాస్తూ ఉండు, అన్నీ రాయి.

ఫల్గుణ


అరకు లోయ
సెప్టెంబరు 5, 2004

ఫల్గుణ గారూ,

శుభ్రం మొదలెట్టాను. "గొడుగాయన" ఇప్పుడు మర్యాదగా వంతల గంగరాజు, అనంతగిరి. "కోపం సార్" విశాఖపట్నంలో సరుకు నాణ్యత చూసే పెద్ద ఆఫీసరు అయ్యారు. "సంతలో కలిసినోడు" ఎవరో తేలలేదు. మీరు ఏ సంతలో కలిశారో మీకైనా జ్ఞాపకం ఉందా?

వెంకటరావు గారు వచ్చి చూసి, "అబ్బో, మనుషుల్లా కనబడతన్నారు" అన్నారు. ఆయన మెచ్చుకోవడం అంటే అదే.

ఇంకో సంగతి. జి.మాడుగుల నుంచి మా ఇంటికి కల్లు కుండ వచ్చింది. అక్కడి సెంటర్లో పనిచేసే కొర్రా రవిబాబు తెలుసు కదా, అతని తరఫున. మా అయ్య తాగలేదు. మొదటి కుండకే ఎవరూ తాగరు, రెండోదానికీ బెట్టు చేస్తారు, మూడోసారి తెచ్చినప్పుడు మూత తీసి తాగితే పిల్లనిచ్చినట్టు. మీకు తెలియనిదేం కాదు, బెంగళూరు నీళ్లకి మరిచిపోయి ఉంటారేమోనని రాస్తున్నాను. పంటలు ఇంటికొచ్చాక మూడో కుండ వస్తుందని అమ్మ అంటోంది.

మీరు అన్నీ రాయమన్నారు కాబట్టి రాశాను.

బుక్కులో మీ పేరు ఒక్కటే మిగిలింది. మీరు మీకు మీరే "నేను" అని పెట్టుకుని పోయారు. ఇప్పుడు ఆ కంప్యూటర్ ముందు కూర్చునేది నేను. "నేను" అంటే నేను కదా! ప్రతి శనివారం మీకు సరుకు వివరాలు పంపుతున్నప్పుడల్లా నాకు నేనే మెయిల్ రాసుకుంటున్నట్టు ఉంటోంది. ఏం పెట్టాలో ఆలోచిస్తున్నాను.

రాజకుమారి


బెంగళూరు
సెప్టెంబరు 29, 2004

రాజకుమారికి,

నీ ఉత్తరం చదివాను. రవిబాబు మంచివాడు. లెక్క తప్పడు, అబద్ధం ఆడడు. మీ అయ్యకి ఏది మంచిదో తెలుసు.

మా మేష్టారు నన్ను ఇక్కడే ఉండిపొమ్మంటున్నాడు. నాలుక బాగుందట, ఉద్యోగం ఇస్తారట. డిసెంబరు నెలాఖరుకల్లా ఏదో ఒక మాట చెప్పాలి. ఇంకా ఏమీ అనలేదు.

శనివారం మెయిళ్లు అందుతున్నాయి. అవి మాత్రం ఆపకు. నా పేరు గురించి తొందర ఏమీ లేదు, నీకు తోచినట్టు మార్చుకుంటూ ఉండు.

ఫల్గుణ


అరకు లోయ
అక్టోబరు 17, 2004

ఫల్గుణా,

"గారు" తీసేశాను. ఆ మాట నీకు దండగ.

రవిబాబు మంచివాడని నేను నిన్ను అడిగానా? లెక్క తప్పడట! లెక్కలు కట్టించుకోవడానికా పెళ్లి? నేను కుండ సంగతి రాస్తే నువ్వు అతనికి సర్టిఫికెట్ రాసి పంపావు. నా ఉత్తరం ఒకటికి పదిసార్లు చదువుకుని రాశాను తెలుసా, ఎక్కడ ఏ మాట తీసెయ్యాలా అని. నువ్వు మాత్రం రాయిలాగా నాలుగు ముక్కలు రాసి పడేశావు.

ఉండిపో. అక్కడే ఉండిపో. కప్పులు పీల్చుకుంటూ, ఉమ్ముకుంటూ ఉండు.

రెండో కుండ వచ్చింది. అయ్య తాగలేదు. కానీ "దూరం నుంచి మోసుకొత్తన్నారు పాపం" అన్నాడు. మా అయ్య పాపం అన్నాడంటే సగం ఒప్పుకున్నట్టే.

పేర్లన్నీ శుభ్రమయ్యాయి, ఒక్కటి తప్ప. దాన్ని శనివారం శనివారం మారుస్తున్నాను. ఏం పెడుతున్నానో నీకు చెప్పను. అది నాకూ ఆ గడికీ మధ్య మాట. నా సొంతం అన్నావు కదా! మనిషి ఎదురుగా లేనప్పుడు ఏమని పిలిచినా అడిగేవాళ్లెవరు?

నీ కుర్చీ మీద ఫైళ్లు నిన్న తీసి తుడిచాను. మళ్లీ పెట్టేశాను. నువ్వు లేకపోతే ఈ గది నాకు అస్సలు బాగోలేదు. ఇది కొట్టేద్దామనుకున్నాను, కొట్టెయ్యను, ఉండనీ.

రాజకుమారి


అరకు లోయ
నవంబరు 28, 2004

ఫల్గుణా,

పరువు పోయింది.

పళ్లు కోతకొచ్చాయి. "ఎర్రటి పళ్లే తెండి, పచ్చికాయ తేవద్దు" అని సెంటర్లన్నిటికీ సర్క్యులర్ పంపమన్నారు వెంకటరావు గారు. బుక్కు శుభ్రంగా ఉంది కదా అని అన్ని పేర్లూ ఎంచి, నీదీ ఎంచి, ఒక్కసారే పంపాను. ఎప్పటిలాగే ప్రతి సెంటర్లో దాన్ని ప్రింటు తీసి సంత రోజున తలుపుకి అంటించారు.

నాకు తెలియదు ఫల్గుణా! గడిలో నేను పెట్టుకున్న పేరు నా దగ్గరే ఉంటుందనుకున్నాను. అది మెయిల్‌తో పాటు వెళ్లిపోతుందట. కాయితం పైన "వీరికి" అన్నచోట వరసగా అందరి పేర్లూ అచ్చుపడ్డాయి. వంతల గంగరాజు, అనంతగిరి. కొర్రా రవిబాబు, జి.మాడుగుల. ఆ తర్వాత బావ. పక్కనే నీ మెయిల్ అడ్రసు, నీ పేరుతో సహా.

డుంబ్రిగుడ సంతలో అల్లం అమ్మే చిట్టెమ్మ నన్ను చూసి, "ఓలమ్మో, ఎర్రపళ్ల కాయితం మీద మీ బావున్నాడటే గుంటా!" అని అరిచింది. సంత మొత్తం నవ్వింది. నేను కూరలు అక్కడే వదిలేసి వచ్చేశాను.

వెంకటరావు గారు తిట్టలేదు. తలుపు దగ్గరగా వేసి, "ఏటమ్మా, నాకో మాట ముందే చెప్పొచ్చు కదా" అన్నారు. అది తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

రవిబాబు బస్సెక్కి వచ్చాడు. బల్ల మీద ఆ కాయితం పెట్టాడు. "నాకు ఇంటిపేరు, ఊరు, అన్నీ సక్రమంగా రాసినావు. ఆడికి ఏదీ రాయనేదు. నాకు అర్థమైపోయింది. మూడో కుండ తేము, భయపడకు" అన్నాడు. నీళ్లిస్తే తాగి వెళ్లాడు. నువ్వు రాసింది నిజమే, మంచివాడు. నాకు ఏడుపొచ్చింది.

ఇక మా అయ్య. అయ్యకి చదువు రాదు, ఎవరో చెప్పారు. వాకిట్లో కూర్చుని చుట్ట మొత్తం కాల్చాడు. తర్వాత అన్నాడు: "ఈ కొండ మీంచి కేకేత్తే ఆ కొండ మీదోళ్లు పలకాల. నువ్వు బావా అని కేకేసినావు. ఊళ్లన్నీ ఇన్నాయి. ఆడు పలికితే నువ్వు ఆడికి మరదలివి. పలక్కపోతే నిన్నేటనాల?"

పలక్కపోతే ఉద్యోగం మానిపించి, సరిహద్దు దాటి ఒరిస్సాలో ఉన్న పాడువాకి, మా అత్త ఇంటికి పంపేస్తాడట. సంక్రాంతిలోగా. అయ్య అరిచి చెప్పలేదు, మెల్లిగా చెప్పాడు. మెల్లిగా చెప్పాడంటే చేస్తాడు.

నిన్ను పలకమని అడగడానికి రాయడం లేదు. జరిగింది నీకు తెలియాలని రాస్తున్నాను. నీ పేరు దిద్దేశాను. కిల్లో ఫల్గుణ, బెంగళూరు. ఇప్పుడు బుక్కులో ఒక్క తప్పు కూడా లేదు.

రాజకుమారి


బెంగళూరు
డిసెంబరు 9, 2004

రాజకుమారీ,

నువ్వు దిద్దిన పేరు శనివారమే చూశాను. కిల్లో ఫల్గుణ, బెంగళూరు. మా ఇంట్లో ఎవరో పోయినట్టు కూర్చుండిపోయాను.

అవును, చూశాను. మొదటి నుంచీ చూస్తున్నాను. నువ్వు "నేను" చెరిపేసి "ఫల్గుణ గారు" అని పెట్టిన శనివారం, మెయిల్ పైన అదే అచ్చుపడి వచ్చింది. అప్పుడే నాకు తెలిసింది, గడిలో పేరు మెయిల్‌తో పాటే ప్రయాణం చేస్తుందని. ముందు నా గుండె జారింది నీ వల్ల కాదు, "కోపం సార్" వల్ల. రెండేళ్ల పాటు ఆయనకి నేను పంపిన ప్రతి మెయిల్ మీదా అదే పేరు! ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. పాపం, ఆయనకి కోపమే లేదు.

నీకు వెంటనే చెప్పాలి. చెప్పలేదు. తర్వాతి శనివారం "మా ఆఫీసు ఫల్గుణ" వచ్చింది. ఆ తర్వాత "కిల్లో వారి పులి", మా కిల్లో వాళ్లది పులి గోత్రం కదా. ఆ తర్వాత "రాయి", అది నా ఉత్తరం చదివాక అనుకుంటాను. ఆ తర్వాత "ఎప్పుడొస్తాడో". ఆ రోజు నేను ఇంటర్నెట్ సెంటర్లో కట్టిన గంట అయిపోయినా లేవలేకపోయాను. చెబితే నువ్వు ఆపేస్తావు. ఈ ఊళ్లో నన్ను ఎవరూ ఏ పేరుతోనూ పిలవరు. వారం అంతా ఆ ఒక్క వరస కోసం బతికాను. "బావ" అని వచ్చిన రోజు కింద సరుకు వివరాలు ఏం ఉన్నాయో కూడా చదవలేదు.

నేను నోరు మూసుకుని సంతోషపడ్డాను, నువ్వు సంతలో తల దించుకున్నావు. కోపం తెచ్చుకో, నీకు ఆ హక్కుంది.

రవిబాబు మంచివాడని ఎందుకు రాశానో కూడా చెబుతున్నాను. మూడో కుండలోగా నేను రాలేను. మార్చి దాకా ఇక్కడ సంతకం పెట్టాను. రాలేనివాడు ఏమని ఆపుతాడు? అందుకే మంచివాడని రాసి, ఆ ఉత్తరం డబ్బాలో వేసి, మళ్లీ చెయ్యి పెట్టి తీద్దామని చూశాను. అందలేదు.

ఇక్కడ ఉద్యోగం వద్దని మేష్టారికి నిన్న చెప్పేశాను. నాలుక పాడుచేసుకుంటున్నావన్నాడు.

నువ్వంటే నాకు ఇష్టం, రాజకుమారీ. నీ పక్క కుర్చీలో కూర్చున్నప్పుడే ఇష్టం. ఇది ఉత్తరంలో రాస్తే నీకొక్కదానికే వినబడుతుంది. అది చాలదని మీ అయ్య అన్నాడు. ఆయన చెప్పిందే న్యాయం.

ఫల్గుణ


పంపినవారు: కిల్లో ఫల్గుణ
వీరికి: పాంగి రాజకుమారి, వెంకటరావు గారు, వరహాలు, వంతల గంగరాజు, కొర్రా రవిబాబు, డుంబ్రిగుడ సెంటర్, ఇంకా సర్క్యులర్ అందుకున్న అందరూ
విషయం: పచ్చికాయ తేవద్దన్న సర్క్యులర్ గురించి
తేదీ: డిసెంబరు 11, 2004

అందరికీ నమస్కారం.

సర్క్యులర్ అందింది. మా ఊరివాళ్లకి కూడా ఎర్రపళ్లే తెమ్మని కబురు పెట్టాను.

అందులో బావ అని ఉన్నది నన్నే. ఆ పేరు పొరపాటున పడింది అనుకుంటున్నారని విన్నాను. పొరపాటు కాదు. నన్ను పిలిచారు, నేను పలుకుతున్నాను. రాజకుమారి నాకు మరదలు. అడ్రస్ బుక్కులో నా పేరు దిద్దారు, దాన్ని మళ్లీ ముందులాగే పెట్టాలని మేనేజర్ గారిని కోరుతున్నాను.

మార్చిలో, మన ఇటుకల పండుగకి ముందే నేను వస్తాను. మా వాళ్లు కల్లు కుండ తెస్తారు. మొదటి కుండా రెండో కుండా తిప్పి పంపినా మూడోది కూడా తెస్తారు.

రాజకుమారి అయ్య పాంగి గాసి మామకి దీన్ని ఎవరైనా చదివి వినిపించండి. ఎర్రపళ్ల కాయితం ఎక్కడెక్కడ అంటించారో, దయచేసి దీన్ని కూడా అక్కడ అంటించండి.

కిల్లో ఫల్గుణ


అరకు లోయ
డిసెంబరు 19, 2004

బావా,

నీ ఉత్తరం నీ మెయిల్ తర్వాత వచ్చింది. ముందు వచ్చి ఉంటే చింపేసేదాన్ని. అన్ని శనివారాలు చూస్తూ కూర్చున్నావా! నీ సంగతి వచ్చాక తేలుస్తాను. "రాయి" అని పెట్టడం మాత్రం తప్పు కాదు.

మెయిల్ వెంకటరావు గారే ముందు చూశారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివి, "ప్రింటు తీయమ్మా, అతను అంటించమన్నాడు కదా" అన్నారు. డుంబ్రిగుడలో అంటించారు. అనంతగిరిలో అంటించారు. జి.మాడుగులలో రవిబాబే స్వయంగా అంటించాడట. చిట్టెమ్మ ఎవరిచేతో చదివించుకుని, నాకు ఊరికే ఇంత అల్లం ఇచ్చింది.

సాయంత్రం వరహాలు మా వాకిట్లో నిలబడి అయ్యకి చదివాడు. అయ్య మళ్లీ చదవమన్నాడు. ఇంకోసారి చదవమన్నాడు. అమ్మ లోపలికి పోయి కళ్లు తుడుచుకుంది. నేను గుమ్మం వెనక ఉన్నాను. అందరూ ఎదురుచూస్తున్నారు, ఏమంటాడో అని.

"గొంతు ఇనబడింది" అన్నాడు అయ్య. "మనిషేడీ?"

మార్చిలో వస్తాడని వరహాలు చెప్పాడు. అయ్య తలూపాడు. పాడువా మాట మళ్లీ ఎత్తలేదు. నన్ను పిలిచి, "రాయి ఆడికి, ఎప్పుడొత్తాడో అడుగు" అన్నాడు.

అందుకే రాస్తున్నాను. అడుగుతున్నది అయ్య, నేను కాదు. నేను మార్చి దాకా ఉండగలను, పళ్ల పని నిండా ఉంది, నాకు తీరికే లేదు.

అబద్ధం బావా. ఉండలేకపోతున్నాను. బేగి రా.

రాజకుమారి